పాటోళితో తీరిన రాత్రి ఆకలి

మా ఇంట్లో శాకాహారమే. రాత్రి ఎనిమిదికి కూర, చారుతో అన్నం తింటే పది దాటేసరికి మళ్లీ ఆకలి, డబ్బాల్లో జంతికల కోసం వెతుకులాట. పనీర్, సోయా, మొలకలు, ఓట్స్ ఉప్మా అన్నీ అయ్యాయి, ఏదీ నిలవలేదు.

చివరికి పని చేసింది గోరుచిక్కుడు పాటోళి, అంటే రుబ్బిన శనగపప్పుతో చేసే పొడికూర. కప్పు శనగపప్పు రెండు గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంచేయాలి. నాలుగు ఎండుమిర్చి, చెంచా జీలకర్ర, ఉప్పు వేసి బరకగా రుబ్బాలి. చుక్క నీరు కూడా పోయొద్దు, అసలు కిటుకు ఇదే. చాలామంది ఈ ముద్దను నేరుగా నూనెలో వేయిస్తారు. అలా చేస్తే నూనె బాగా తాగుతుంది. నేను ఇడ్లీ ప్లేట్లలో పావుగంట ఆవిరి మీద ఉడికించి, పూర్తిగా చల్లారాకే చేత్తో చిదుపుతాను. వేడి మీద చిదిపితే ముద్దలు కడుతుంది. తర్వాత ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపులో ఉడికించిన పావుకిలో గోరుచిక్కుడు, ఈ పొడి వేసి, సన్నసెగ మీద పొడిపొడిగా అయ్యేదాకా వేయించడమే. పక్కన మజ్జిగ పులుసు ఉండాలి, లేకపోతే గొంతు పట్టేస్తుంది.

గోరుచిక్కుడు బదులు క్యాబేజీ, బీన్స్, మెంతికూర వేసినా కుదిరింది. బెండకాయతో మాత్రం జిగురొచ్చింది. శనగపప్పు పడని వాళ్లకు ఇది సరిపోతుందని చెప్పలేను. సగం కందిపప్పు కలిపితే మా అత్తయ్యకు ఇబ్బంది కాలేదు, అంతే.