కొత్త ఎడిషన్ మీద బల్ల చుట్టూ తగువు మొదలైతే

2024 సెప్టెంబరులో పాత్రలు ధరించి పాచికలతో ఆడే కథల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త నియమాల పుస్తకం, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చినప్పుడు మా బల్ల దగ్గర ఐదుగురు ఆటగాళ్లు. ఇద్దరు సంబరపడ్డారు, ఇద్దరు ముఖం ముడుచుకున్నారు, ఒకామె మాత్రం "మీరెలా అంటే అలా" అని పాచికలు రంగుల వారీగా సర్దుకుంటూ కూర్చుంది. కథ చెబుతూ, శత్రువులను ఆడిస్తూ ఆట నడిపేది నేను కాబట్టి చేతులెత్తమన్నాను. మూడు చేతులు లేచాయి, కొత్త నియమాలు గెలిచాయి. ఓడినవాళ్లు మాత్రం ఆ తరువాత నెల రోజుల పాటు అడుగడుగునా "పాత పుస్తకంలో అయితే..." అని మొదలుపెట్టారు.

అందుకే ముందుగా చెబుతున్నాను, ఓటు పెట్టకండి. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడగండి: "నీ పాత్ర ఇప్పటిదాకా చేస్తున్నదాంట్లో ఏది చేయలేకపోతుంది?" ఎడిషన్ బాగుందా అని మాత్రం అడగవద్దు, అడిగితే ఉపన్యాసం వస్తుంది. జవాబును కాగితం మీద రాసుకోండి.

మా పాలడిన్ (దైవబలం గల వీరుడు) ఆటగాడి జవాబు ఒక్క మాట: స్మైట్, అంటే ఆయుధం దెబ్బకు దైవశక్తి జోడించడం. పాత, అంటే 2014 నియమాల్లో కత్తి తగిలిన ప్రతిసారీ ఒక స్పెల్ స్లాట్ (మంత్రాలకు ఉండే పరిమిత వాటాలో ఒకటి) ఖర్చు చేసి అదనపు దెబ్బ వేయవచ్చు. ఏడో లెవెల్‌లో రెండు దెబ్బలూ తగిలి, రెండింటికీ రెండో స్థాయి స్లాట్లు వాడితే ఎనిమిది ముఖాల పాచికలు ఆరు, అంటే సగటున 27. కొత్త పుస్తకంలో డివైన్ స్మైట్ ఒక మంత్రమైంది, దానికి బోనస్ యాక్షన్, అంటే టర్నుకు ఒక్కసారే దొరికే అదనపు పని, కావాలి. కాబట్టి ఒక టర్నులో ఒకటే, సగటు పదమూడున్నర. పైగా మంత్రం కనుక శత్రువు మంత్రాలను అడ్డుకునే కౌంటర్‌స్పెల్‌తో ఆపేయవచ్చు. అతని కోపం న్యాయమే.

కోపం న్యాయమైనదైనా కొలవాలి కదా. రెండో పని అదే. మీ బల్ల మీద అందరికీ గుర్తున్న పాత పోరాటాన్ని ఒకటి ఎంచుకుని, అవే శత్రువులతో, ముందు పాత నియమాల్లో, తరువాత కొత్త నియమాల్లో ఆడించండి. మేము వంతెన దగ్గర రెండు ట్రోల్‌లతో జరిగిన పోరాటాన్ని తీసుకున్నాం. పాత పద్ధతిలో పాలడిన్ రెండు రౌండ్లలో స్లాట్లు దాదాపు ఊడ్చేసి, మిగతా పోరాటమంతా మామూలు కత్తి తిప్పుతూ గడిపాడు. కొత్త పద్ధతిలో నాలుగో రౌండ్ దాకా అతని చేతిలో స్మైట్ ఉంది. కానీ చేయి తాకించి గాయం మాన్పే లే ఆన్ హ్యాండ్స్ కూడా ఇప్పుడు బోనస్ యాక్షనే. పక్కవాడు నేల మీద పడి ఉంటే కొట్టాలా, బతికించాలా అని గింజుకున్నాడు. ఆ గింజులాట తనకు నచ్చిందని ఆట అయ్యాక తనే ఒప్పుకున్నాడు. దాడి పాచిక మీద ఇరవై పడినప్పుడు (దీన్నే క్రిటికల్ అంటారు) స్మైట్ పాచికలు రెట్టింపు కావడం పోయిందని అతను భయపడ్డాడు, కలిసి చదివితే అది ఉండనే ఉంది. చివరికి కోరింది ఒక్కటే, తన స్మైట్‌ను కౌంటర్‌స్పెల్ ఆపకూడదు. సరే అన్నాను. మా బల్ల సొంత నియమాల్లో అదొక్కటే పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

క్లెరిక్‌కు ఏ పంచాయితీ లేదు. గాయాలు మాన్పే ఆమె మంత్రం క్యూర్ వూండ్స్ ఒక పాచిక నుంచి రెండు పాచికలైంది, ఆమె ఇంకేం అడుగుతుంది?

రోగ్ కథ వేరు. అతను అసాసిన్, అంటే చాటుగా దెబ్బతీసే హంతకుడు. పాత నియమాల్లో అదాటున దొరికిన శత్రువుకు మొదటి టర్నే ఉండదు, అతను కొట్టిన ప్రతి దెబ్బా క్రిటికల్. కొత్తదాంట్లో అలా దొరికినవాడికి ఇనిషియేటివ్‌లో డిస్అడ్వాంటేజ్ మాత్రమే, అంటే ఎవరి వంతు ముందో తేల్చే పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. ఇది నిజమైన నష్టం, పోల్చి చూసినా తగ్గలేదు. ఇలాంటి చోట వాదించకండి. కథ ముగిసేదాకా పాత పాత్ర, పాత నియమం ఉంచుకోనివ్వండి. ఒక్క షరతు, అదే నియమం మీ రాక్షసులకూ వర్తిస్తుంది. ఆ షరతు వినగానే అతని ఉత్సాహం కొంచెం తగ్గిందని చెప్పక తప్పదు.

కొందరి అయిష్టానికి నియమాలతో పని ఉండదు. 2023 జనవరిలో ప్రచురణ సంస్థ ఇతరులు తన నియమాలు వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్సును మార్చబోయి, ఆటగాళ్లు తిరగబడ్డాక వెనక్కి తగ్గింది. ఆ మంట ఇంకా ఆరనివాళ్లకు వెపన్ మాస్టరీ (ఆయుధాన్ని బట్టి దెబ్బకు కొత్తగా చేరిన ప్రత్యేక ఫలితం) గొప్పతనం వివరించడం దండగ. పుస్తకం కొనమని అడగకండి. ఉచితంగా దొరికే నియమాలతో పాత్ర తయారు చేసి ఇవ్వండి. 2008లో నాలుగో ఎడిషన్ నచ్చనివాళ్లలో చాలామంది మరుసటి ఏడాది పోటీ ఆట పాత్‌ఫైండర్‌కు వెళ్లిపోయారు, ఆట మానలేదు. మీ స్నేహితుడూ వేరే ఆట నడుపుతానంటే వెళ్లి ఆడండి.

వెపన్ మాస్టరీ అన్నాను కదా, ఫైటర్ చేతిలో టాపుల్ (ఎదుటివాణ్ని పడగొట్టే మాస్టరీ) ఉంటే తగిలిన ప్రతి దెబ్బకూ ఎదుటివాడు సేవింగ్ త్రో (తప్పించుకునే పాచిక) వేయాలి, ఆట నత్తనడక నడుస్తుంది. మా ఫైటర్‌కు బలం 18 కాబట్టి 4, ప్రొఫిషియెన్సీ (నైపుణ్యం) 3, వాటికి 8 కలిపితే ఎదుటివాడు అందుకోవాల్సిన అంకె 15. దాన్ని చీటీ మీద రాసి ఆట నడిపేటప్పుడు నా ముందు పెట్టుకునే తెర లోపల అంటించాను. అతను దాడి పాచిక వేస్తుండగానే నేను సేవ్ పాచిక వేసేస్తాను.

పాచికలు సర్దుకుంటున్న విజార్డ్ ఆమెను చివర అడిగాను. అదే నేను చేసిన రెండో తప్పు, ఆమెను ముందే అడగాల్సింది. ఏ ఎడిషనైనా తనకు ఒకటేనని, తన వంతు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పడుతోందని చెప్పింది. మరుసటి వారం బల్ల మీద ఇసుక గడియారం పెట్టాను.