నలుగురు ఒక రూంలో ఉంటే డబ్బుల లెక్క ఇలా

నల్లగొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లో నలుగురం రూం తీసుకున్నాం. మొదటి నెల లెక్కంతా నోటితోనే నడిపాం. సిలిండర్ డబ్బులు ఎవరిచ్చారో తేలక రెండు రోజులు మాటల్లేవు.

ఇప్పుడు ఒకటో తారీఖునే తలా 1,500 వేసి ఒక్కరి దగ్గర పెడతాం. నూనె, పాలు, కూరగాయలు, గ్యాస్ అందులోంచే. సబ్బు, రీఛార్జ్ ఎవరివి వాళ్లవే. ఖర్చు పెట్టిన రోజే వాట్సాప్ గ్రూపులో రాయాలి. రాయకపోతే ఆ డబ్బులు పోయినట్టే!

అసలు టెన్షన్ కరెంటుతో. నెలకు 200 యూనిట్లు దాటిందా, మొదటి యూనిట్ నుంచే రేటు పెరుగుతుంది. అందుకే పదిహేనో తారీఖున మీటర్ ఫోటో తీసి చూసుకుంటాం. 200 వాట్ల కూలర్ పది గంటలు తిరిగితే రోజుకు 2 యూనిట్లు, నెలకు 60. కూలర్ నాదే కాబట్టి ఆ 60 యూనిట్ల డబ్బు నేనే ఇస్తా, మిగతాది నాలుగు వాటాలు.

పండక్కి ఊరికి పోతే తిండి ఖర్చు రోజుల లెక్కన తగ్గుతుంది, అద్దె మాత్రం తగ్గదు. మా రూంలోని మిర్యాలగూడ తమ్ముడు ఇంటి నుంచి 25 కిలోల బియ్యం తెస్తాడు. మొదట్లో ఊరికే తిన్నాం, సిగ్గుచేటు. ఇప్పుడు షాపు ధర కట్టి అతని వాటాలో తీసేస్తున్నాం.