కార్యోటైప్ నివేదికను చదవడం ఎలా?

కార్యోటైప్ అంటే కణంలోని క్రోమోజోములను (జన్యు పదార్థాన్ని మోసే పోగులను) సూక్ష్మదర్శినిలో చూసి లెక్కించే పరీక్ష. దాని నివేదిక చేతికి వచ్చినప్పుడు ముందుగా అందులోని మొదటి అంకెను చూడాలి. అది కణంలోని మొత్తం క్రోమోజోముల సంఖ్య. మనిషి కణంలో అవి 46 అని 1956లో జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ నిర్ధారించారు. తరువాతి అక్షరాలు లింగ క్రోమోజోములను, చివరి భాగం మార్పును తెలుపుతాయి. ‘47, ఎక్స్‌వై, +21’ అని ఉంటే, ఆ మగబిడ్డలో 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉందని, అంటే డౌన్ సిండ్రోమ్ ఉందని అర్థం.

అయితే సంఖ్యను మాత్రమే చూసి నిర్ణయానికి రాకూడదు. 14, 21 క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుపోయిన వ్యక్తిలో లెక్క 45కు తగ్గినా, అవసరమైన జన్యు పదార్థం దాదాపు అంతా ఉండటం వల్ల ఆ వ్యక్తి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ పుట్టబోయే సంతానంలో డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అందువల్ల బిడ్డ నివేదికలో ఇటువంటి అతుకు కనిపించినప్పుడు తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేయించాలి. ఇందులో ఎవరి తప్పూ లేదన్న మాటను, ఫలితం రాకముందే, ఆ కుటుంబానికి స్పష్టంగా చెప్పడం అత్యవసరమని నా అభిప్రాయం.

నివేదికలో క్రోమోజోము అంకె పక్కన కనిపించే అక్షరాల్లో ‘పి’ ఆ క్రోమోజోము పొట్టి భుజాన్ని, ‘క్యూ’ పొడవాటి భుజాన్ని సూచిస్తాయి.

నివేదికలో ‘సాధారణం’ అని ఉన్నంతమాత్రాన జన్యులోపం లేదని అనుకోకూడదు. సుమారు 50 లక్షల బేస్ జతల (డీఎన్ఏ పొడవును కొలిచే ప్రమాణం) కన్నా చిన్న లోపాలు సూక్ష్మదర్శినిలో సాధారణంగా కనిపించవు కనుక, లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు అంత చిన్న లోపాలనూ వెతికే మైక్రోఅర్రే పరీక్ష గురించి జన్యు వైద్యులను అడగాలి. ఆ పరీక్ష మాత్రం సమతుల్యమైన అతుకులను, అంటే జన్యు పదార్థం తగ్గకుండా, పెరగకుండా ఏర్పడినవాటిని, పట్టుకోలేదు.