పాత జావా బైకు విప్పే ముందు

స్పానర్ పట్టకముందే ఆర్సీ తీసి, అందులోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదున్న వాటితో సరిపోతున్నాయో లేదో చూసుకోండి, తేడా ఉంటే మిగతా పనంతా దండగ.

ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేయండి. ఖాళీయే కదా అని వెల్డింగ్ మాత్రం పెట్టించొద్దు, లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

బ్రేక్ డ్రమ్ములోని నల్లపొడిని ఊదకండి, పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

తుప్పు బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి, బలం చూపిస్తే తల తెగి చేతికొస్తుంది, మొండెం లోపలే ఉండిపోతుంది, అప్పుడు లేత్ షాపు చుట్టూ తిరగాలి.

వైరు పీకే ముందు ఫొటో తీసుకోండి. మైసూరులో తయారైన పాత జావా 6 వోల్టుల బండి, షాపులో 12 వోల్టుల బ్యాటరీ అంటగడితే బల్బులు మాడతాయి.

స్టార్ట్ చేసే రోజు పెట్రోల్లో టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) కలపడం మర్చిపోతే పిస్టన్ పట్టేస్తుంది.