శ్రావణ ముహూర్తాల్లోపు లాగ్ ఫుటేజ్ విషయంలో చూసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆషాఢంలో ముహూర్తాలుండవు. పెళ్లి వీడియోలు తీసేవాళ్లకూ ఎడిట్ చేసేవాళ్లకూ కాస్త ఊపిరాడే నెల అది. శ్రావణం వచ్చిందంటే ఒకే రోజు రెండు మండపాలు, తెల్లవారుజామున జీలకర్ర బెల్లం, ఆ సాయంత్రమే రిసెప్షన్. మెమరీ కార్డులు చేతికొచ్చాక కూర్చుని లాగ్ ఫుటేజ్‌కి (తర్వాత ఎడిటింగ్‌లో రంగులు దిద్దుకునేందుకు కెమెరా చప్పగా రికార్డ్ చేసే వీడియోకి) రంగులెలా తేవాలా అని ఆలోచించే తీరిక అప్పుడుండదు. కెమెరా సెట్టింగ్ నుంచి చివరి ఫైల్ దాకా మీ పద్ధతి ఏమిటో ఈ నెలలోనే ఖాయం చేసుకుని, ఒకసారి మొత్తం చేసి చూసుకోండి. పెళ్లికి రీటేక్ లేదు. పసుపు పసుపులా, కుంకుమ కుంకుమలా, పెళ్లికూతురి ఒంటి రంగు ఆమెదిలాగే కనపడాలి. నా మటుకు పెళ్లి వీడియోలో గ్రేడింగ్ (రంగులు దిద్దడం) అంటే ముందు ఇదే, మిగతా సోకులన్నీ దీని తర్వాతే.

ముందు కెమెరా సంగతి

మీ కెమెరా 8 బిట్‌లోనే రికార్డ్ చేస్తుంటే పెళ్లికి లాగ్ వాడకండి. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 10 బిట్‌లో 1024. లాగ్ ఫైల్ చప్పగా ఉంటుంది కాబట్టి ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ బాగా సాగదీయాలి. ఆ సాగదీతకు 256 మెట్లు చాలవు. స్టేజి వెనక గోడ మీద, సాయంత్రం ఆకాశంలో చారలు పడతాయి, వాటిని ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీసేయలేదు. అలాంటి కెమెరాతో మామూలు ప్రొఫైల్‌లో తీసినా బాగానే వస్తుంది.

10 బిట్ ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలో పడే వెలుతురు. సోనీ కెమెరాల లాగ్ ప్రొఫైల్ ఎస్-లాగ్3లో 18 శాతం గ్రే కార్డు (వెలుతురు సరిచూసుకునే బూడిదరంగు కార్డు) వేవ్‌ఫామ్ (వెలుతురు స్థాయి చూపే గ్రాఫ్) మీద 41 శాతం దగ్గర ఉండాలి, తెల్ల కాగితం 61 దగ్గర. మధుపర్కాల తెలుపు స్క్రీన్ మీద బూడిద రంగులో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, దాని చోటు అదే. చాలామంది కావాలనే ఒక స్టాప్ ఎక్కువ (అంటే రెట్టింపు వెలుతురు) పెట్టి తీస్తారు. అప్పుడు ఆ తెలుపు 70 దగ్గరికి వస్తుంది, నీడల్లో నాయిస్ (చుక్కల్లాంటి గరుకు) తగ్గుతుంది. నేనూ అదే చెప్తాను. తక్కువ ఎక్స్‌పోజర్‌లో తీసిన లాగ్‌ని పైకి లాగితే పెళ్లికొడుకు నల్ల జుట్టులో, నలుగు పెట్టే గది మూలల్లో రంగురంగుల చుక్కలు కదులుతుంటాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో వాటిని తగ్గించే నాయిస్ రిడక్షన్ లేదు, అది స్టూడియో వెర్షన్‌లోనే ఉంది.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపులా కనపడేలా చేసే సెట్టింగ్) ఆటోలో వదలకండి. మండపంలో పసుపు హాలోజన్ లైట్లు, వెనక ఎల్‌ఈడీ తెర, పక్కన ఫొటోగ్రాఫర్ ఫ్లాష్. ఆటోలో ఉంటే ఒకే క్లిప్ మధ్యలో రంగు జారుతూ ఉంటుంది. లైట్ల కింద ఒక కెల్విన్ అంకె (లైటు రంగు కొలత) ఎంచుకుని, ఉన్న కెమెరాలన్నిటికీ అదే పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 లేదా 1/100 ఉంచితే లైట్ల మిణుకు చాలావరకు పడదు.

ఒక్క క్షణం గురించి విడిగా చెప్పాలి. జీలకర్ర బెల్లం వేళ వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. ఫ్రేమ్‌లో సగం తెల్లటి గుడ్డే. ఆటో ఎక్స్‌పోజర్ ఉంటే కెమెరా ఆ తెలుపు చూసి మొహాల్ని చీకటి చేస్తుంది. తెర దించగానే ఒక్కసారిగా వెలుతురు పెంచుతుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ కొన్ని సెకన్లలోనే ఎక్స్‌పోజర్ ఊగుతుంది. కాబట్టి మాన్యువల్‌లో పెట్టి, మొహాలకు సరిచూసుకుని వదిలేయండి. తెర తెలుపును లాగ్ తట్టుకుంటుంది.

ఇంకొక పని. పెళ్లికూతురు ముస్తాబయ్యే ముందు ఎలాగూ చీర, నగలు విడిగా తీస్తారు. అప్పుడే కిటికీ వెలుతురులో చీర, కుంకుమ భరిణె, గ్రే కార్డు ఒకే ఫ్రేమ్‌లో పెట్టి పది సెకన్లు తీయండి. వారాల తర్వాత చీర చిలకాకుపచ్చా, ముదురాకుపచ్చా అన్న అనుమానం వస్తే ఆ క్లిప్పే సాక్షి.

ఎడిటింగ్ టేబుల్ దగ్గర

అన్నిటికన్నా ఎక్కువగా పాడుచేసేది రెండుసార్లు మార్చడం. లాగ్ నుంచి రెక్.709కి (టీవీలకు వాడే మామూలు రంగుల ప్రమాణానికి) మార్పిడి ఒక్కసారే, ఒక్కచోటే జరగాలి. మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో కొత్త వెర్షన్లు లాగ్ ఫైల్‌ని తామే గుర్తుపట్టి మార్చగలవు. అది తెలియక దాని మీద మళ్లీ ఎస్-లాగ్3 లట్ (LUT, రంగుల్ని మార్చే రెడీమేడ్ ఫైల్) వేస్తే మొహాలు ఎర్రగా మండుతాయి, నీడలు నల్లగా మూసుకుపోతాయి. రిజాల్వ్‌లోనూ అంతే. ప్రాజెక్ట్ సెట్టింగ్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేస్తే నోడ్‌లో (రంగు దిద్దే ఒక్కో మెట్టులో) కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్ (ఇదే మార్పిడి చేసే టూల్) వద్దు. నోడ్‌లో పెట్టుకుంటే ప్రాజెక్ట్ సెట్టింగ్‌లో వద్దు.

మార్పిడిలో ఇన్‌పుట్ పేరు కూడా సరిగ్గా ఉండాలి. సోనీ రంగుల పరిధుల్లో ఎస్-గామట్3 వేరు, ఎస్-గామట్3.సినీ వేరు. తప్పుది ఎంచుకున్నా బొమ్మ బాగున్నట్టే అనిపిస్తుంది, పట్టుచీర ఎరుపు మాత్రం వేరే ఎరుపవుతుంది. డ్రోన్ ఫుటేజ్‌కి డీ-లాగ్, డీ-లాగ్ ఎం అనే లాగ్ ప్రొఫైళ్లు రెండూ ఒకటి కావు. ఏ కెమెరా ఏ ప్రొఫైల్‌లో తీసిందో ఫోల్డర్ పేరులోనే రాసిపెట్టండి.

కొనుక్కున్న లట్లను నమ్ముకుని సీజన్‌లోకి దిగకండి. లట్ ఒక స్థిరమైన పట్టిక. మీ క్లిప్ ఒక స్టాప్ ఎక్కువ వెలుతురులో ఉందని దానికి తెలియదు. అందుకే ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ దిద్దే నోడ్ లట్‌కి ముందుండాలి. లట్ తర్వాత హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గిస్తే అప్పటికే తెగిపోయిన వివరం తిరిగి రాదు. పైగా చాలా లట్లు నారింజ, నీలిపచ్చల వైపు లాగుతాయి. మన మండపంలో అరటిచెట్లు, మామిడాకులు ఉంటాయి. ఆ పచ్చ కాస్తా నీలంలోకి జారితే తోరణాలు ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి.

పసుపు కార్యక్రమం ఫుటేజ్‌కి ఆటో కలర్ బటన్ నొక్కనే వద్దు. బట్టలు, బంతిపూలు, బుగ్గలు అన్నీ పసుపే. సాఫ్ట్‌వేర్ దాన్ని లైట్ తప్పనుకుని నీలం కలుపుతుంది, మొహం పాలిపోతుంది. వెక్టర్‌స్కోప్‌లో (రంగులు ఎటువైపు ఉన్నాయో చూపే గ్రాఫ్‌లో) మొహం రంగు స్కిన్ టోన్ గీతను (ఒంటి రంగు ఉండాల్సిన చోటును) దాటి పసుపు వైపు వెళ్లినా పర్వాలేదు, అక్కడ ఉన్నది నిజంగానే పసుపు. పసుపు లేని మెడనో, అదే వెలుతురులో ఉన్న అతిథి మొహాన్నో చూసి సరిచేయండి.

రిసెప్షన్‌లో నీలం, ఊదా ఎల్‌ఈడీ లైట్లు మొహం మీద ముద్దలా పడితే కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్‌లోని గామట్ మ్యాపింగ్‌లో శాచురేషన్ కంప్రెషన్ (మరీ గాఢమైన రంగుల్ని తగ్గించే ఆప్షన్) వాడి చూడండి. అప్పుడు ఆ ముద్దలో చెంప గుండ్రం, ముక్కు నీడ మళ్లీ తెలుస్తాయి.

ఒంటి రంగు గురించి కచ్చితంగా ఉంటాను. చామనఛాయ పెళ్లికూతుర్ని తెల్లగా చేసి చూపించమని బంధువులు అడుగుతారు. చేయకండి. మేకప్ ఆవిడ ఎలా తీర్చిదిద్దిందో అలాగే, కాస్త వెలుగుతో చూపించండి. చర్మాన్ని తెల్లబరిస్తే ముందు పాపిట్లో సిందూరం వెలిసిపోతుంది, తర్వాత బంగారం పాలిపోతుంది. ఆమె పదేళ్ల తర్వాత చూసుకున్నా అది తన మొహంలా ఉండాలి.

చూసే తెర, పంపే ఫైల్

మానిటర్‌లో తెర రంగును తామే మార్చే నైట్ లైట్, ట్రూ టోన్ లాంటివి ఆపేయండి. రాత్రుళ్లు చీకటి గదిలో గ్రేడ్ చేస్తే తెర వెలుతురు తగ్గించుకోండి, లేకపోతే బొమ్మను ఉండాల్సినదానికన్నా చీకటి చేస్తారు. మ్యాక్‌లో ఎగుమతి చేసిన ఫైల్ క్విక్‌టైమ్‌లో వెలిసినట్టు కనిపిస్తే కాంట్రాస్ట్ పెంచేయకండి. అది చాలాసార్లు గామా ట్యాగ్ (వెలుతురు ఎలా చూపాలో ఫైల్‌లో ఉండే గుర్తు) తేడా. ముందు అదే ఫైల్‌ని ఫోన్‌లో, ఇంట్లో టీవీలో చూడండి.

ఉచిత రిజాల్వ్‌లో మీ కెమెరా 10 బిట్ ఫైళ్లు తెరుచుకుంటాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. సీజన్ మధ్యలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ జోలికి వెళ్లొద్దు. కొత్త వెర్షన్‌లోకి మారిన ప్రాజెక్ట్ పాత వెర్షన్‌లో మళ్లీ తెరుచుకోదు. తప్పనిసరైతే ముందు ప్రాజెక్ట్ లైబ్రరీ బ్యాకప్ తీసి వేరే డ్రైవ్‌లో పెట్టుకోండి, చేతిలో ఉన్న పెళ్లి డెలివరీ అయ్యాకే అప్‌డేట్ నొక్కండి.