ల్యాబ్ కంప్యూటర్ స్లో అయిందా? రీస్టార్ట్ చేసే ముందు ఇవి చూడండి

కంప్యూటర్ నెమ్మదించగానే చెయ్యి రీస్టార్ట్ మీదకి పోతుంది. దానికి మైక్రోస్కోపో స్పెక్ట్రోమీటరో కలిపి ఉండి, రన్ నడుస్తుంటే, ఆ ఒక్క క్లిక్‌తో రాత్రంతా తీసిన రీడింగులు పోవచ్చు. పైగా నెమ్మదించడానికి కారణమేంటో తెలిపే ఆధారం కూడా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి స్లోగా ఉన్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ, మెమరీ, డిస్క్‌లలో ఏది నిండిపోయిందో చూడండి. మార్పులు మాత్రం రన్ ముగిసి, డేటా మరోచోట కాపీ అయ్యాకే.

సమస్య: డేటా ఫైల్ తెరవగానే అంతా బిగుసుకుపోతుంది

మెమరీ 95 శాతం దాటి, డిస్క్ కూడా ఆగకుండా తిరుగుతుంటే ర్యామ్ చాలడం లేదు. ల్యాబుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే. 2048 × 2048 సైజులో తీసిన 16-బిట్ ఇమేజ్ ఒక్కటి 8 ఎంబీ. అలాంటివి వెయ్యి ఉంటే 8 జీబీ, 16 జీబీ ర్యామ్‌లో పడుతుందనిపిస్తుంది. కానీ విశ్లేషణ ప్రోగ్రామ్ వాటిని డబుల్ ప్రెసిషన్‌కి మారిస్తే ఒక్కో పిక్సెల్‌కి 2 బైట్ల బదులు 8 బైట్లు కావాలి. అంటే 32 జీబీ. మిగతాదాన్ని విండోస్ డిస్క్ మీదకి తోస్తుంది, అక్కడే అంతా ఆగిపోతుంది.

కొత్త ర్యామ్ కొనేముందు కోడ్ చూడండి. ఫ్రేములన్నీ ఒకేసారి లోడ్ చేయకుండా యాభై యాభై చొప్పున చదివించండి. సింగిల్ ప్రెసిషన్ (ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు) సరిపోయే లెక్కయితే అదే వాడండి, మెమరీ సగానికి తగ్గుతుంది. అప్పటికీ చాలకపోతే ర్యామ్ పెంచడం సబబే.

సమస్య: రన్ సాగేకొద్దీ సేవ్ కావడం ఆలస్యమవుతోంది

డిస్క్ 100 శాతం చూపిస్తూ, రాసే వేగం మాత్రం సెకనుకి ఒకటి రెండు ఎంబీలే ఉంటే, చిన్న చిన్న ఫైళ్లు కుప్పలుగా పడుతున్నాయన్నమాట. పాత హార్డ్ డిస్క్ ఇలాంటి పనికి తట్టుకోలేదు. ఎస్‌ఎస్‌డీ పెడితే తేడా వెంటనే కనిపిస్తుంది. ఒకే ఫోల్డర్‌లో లక్షల ఫైళ్లు చేరనివ్వకుండా రన్‌కో ఫోల్డర్ పెట్టండి.

యాంటీవైరస్ కూడా అనుమానించదగ్గదే. రాసిన ప్రతి ఫైల్‌నీ అది వెంటనే తెరిచి చూస్తుంది. దాన్ని పూర్తిగా ఆపేయకండి. ఐటీ వాళ్లతో మాట్లాడి, డేటా పడే ఫోల్డర్‌ని మాత్రం తనిఖీ నుంచి మినహాయించండి. క్లౌడ్ సింక్ అదే ఫోల్డర్‌ని గమనిస్తుంటే రన్ అయ్యేదాకా పాజ్ చేయండి.

సమస్య: ఫోల్డర్ తెరవడానికే నిమిషం, డిస్క్ నుంచి టక్ టక్ శబ్దం

ఇక్కడ వేగం సంగతి పక్కన పెట్టండి, డేటా ప్రమాదంలో ఉంది. ముందు కాపీ, ఆ తర్వాతే పరీక్ష. చెక్ డిస్క్ (డిస్క్‌లో లోపాలు వెతికే విండోస్ ప్రోగ్రామ్) నడపాలని తొందరపడొద్దు, చెడిపోతున్న డిస్క్ మీద ఆ భారం పడితే చదవగలిగేవి కూడా పోవచ్చు. కాపీ అయ్యాక స్మార్ట్ (SMART) రిపోర్ట్‌లో, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కల్లో, రీఎలొకేటెడ్ (చెడిపోయి బదులు వేసిన), పెండింగ్ (చదవడం కష్టమై అనుమానంలో ఉన్న) సెక్టర్ల లెక్క చూడండి. పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిందే.

సమస్య: మొదట బాగానే ఉండి, పది నిమిషాలకు మందగిస్తుంది

వేడి. సీపీయూ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పవర్ తీసి ఫ్యాన్, హీట్‌సింక్ మీది దుమ్ము దులపండి, గాలి ఆడే చోట పెట్టండి.

సమస్య: వారాల తరబడి ఆన్‌లో ఉంటే స్లో అవుతోంది

టాస్క్ మేనేజర్ డిటెయిల్స్ ట్యాబ్‌లో ప్రోగ్రాములను మెమరీ ప్రకారం వరుస పెట్టండి. ఏదో ఒక ప్రోగ్రామ్ రోజురోజుకీ పెరుగుతూ పోతుంటే అది మెమరీ లీక్. రన్‌కీ రన్‌కీ మధ్య దాన్నొక్కదాన్నే మూసి తెరిస్తే చాలు.

ఇక పరికరంతో వచ్చిన పాత కంప్యూటర్ సంగతి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయింది. అయినా వేగం కోసమని కొత్త విండోస్ ఎక్కించేయకండి. పరికరం డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రామ్) దాని మీద పనిచేస్తుందని తయారీదారు రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటిదాకా దాన్ని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచి, రీడింగులు తీయడానికి మాత్రమే వాడి, విశ్లేషణ ఇంకో కంప్యూటర్‌లో చేసుకోండి.