అటక మీది పీసీ గేమ్ డిస్కులను ఏం చేయాలి? డౌన్‌లోడ్‌కి ఎలా మారాలి?

కిందటి వేసవిలో ఇంటికి రంగులు వేయిస్తూ అటక ఖాళీ చేస్తే, ఒక బూట్ల అట్టపెట్టె నిండా పీసీ గేమ్ డిస్కులు బయటపడ్డాయి. సెలవులకి గుంటూరు నుంచి బెజవాడ వచ్చిన మా మేనల్లుడు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి, "మామయ్యా, దీన్ని దేంట్లో పెట్టాలి?" అన్నాడు. వెటకారం కాదు, వాడికి నిజంగానే తెలియదు. వాడి ల్యాప్‌టాప్‌కి డిస్కు పెట్టే చోటే లేదు.

ఒకప్పుడు గవర్నర్‌పేటలో నేను వెళ్లే కంప్యూటర్ షాపులో కౌంటర్ వెనక అద్దాల బీరువా ఉండేది. గేమ్ డబ్బాలు వరసగా పేర్చి, వాటి మీద 499, 999 స్టిక్కర్లు. చాలాసార్లు చూసి తిరిగొచ్చేవాణ్ని. డిజిట్ పత్రికతో వచ్చే డిస్కులోని డెమోలతో సరిపెట్టుకునేవాళ్లం. ఇప్పుడా బీరువాలో హెడ్‌ఫోన్లు, రంగుల లైట్ల కీబోర్డులు. గేమ్ ఉందా అంటే, "కోడ్ కొనుక్కోండి సార్, ఫోన్‌లోనే అయిపోద్ది" అన్నాడు కుర్రాడు.

షాపుల్లో డబ్బాలు పోవడానికి నెట్ ఒక్కటే కారణం అనుకుంటాం. నన్నడిగితే డబ్బాకి నూకలు చెల్లింది 2004 నవంబరులో. హాఫ్-లైఫ్ 2 అనే గేమ్ అప్పుడే వచ్చింది. డిస్కు డబ్బిచ్చి కొన్నవాళ్లు కూడా స్టీమ్‌లో, అంటే నెట్‌లో గేములు అమ్మే దుకాణంలో, అకౌంట్ తెరిచి, నెట్ పెట్టుకుంటేనే గేమ్ తెరుచుకుంది. మనకి అప్పటికి ఇంట్లో నెట్టే లేదు. ఆ తర్వాత గేములు లావెక్కాయి. 2015లో జీటీఏ 5 పీసీ డబ్బాలో 7 డీవీడీలు వచ్చాయి. అదే ఏడాది మెటల్ గేర్ సాలిడ్ 5 పీసీ డిస్కులో గేమే లేదు, స్టీమ్ ఇన్‌స్టాలర్ మాత్రమే ఉంది. 2019లో పీసీకి వచ్చిన రెడ్ డెడ్ రిడంప్షన్ 2 అడిగే చోటు 150 జీబీ. దాన్ని 8.5 జీబీ డీవీడీల్లో ఇవ్వాలన్నా 18 డిస్కులు కావాలి. ఇక్కడేమో 2016లో జియో వచ్చింది, 2017 చివర్లో ఏపీ ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయల ప్లానుతో మొదలైంది. షాపువాడు ఏం చేస్తాడు, పాపం.

మీ అటక మీద కూడా అలాంటి పెట్టె ఉంటే ఈ వరసలో పని చేయండి. ఒక ఆదివారం పడుతుంది.

1. ముందు మూడు కుప్పలు పోయండి

డబ్బా వెనక అడుగున చిన్న అక్షరాలు చదవండి. స్టీమ్ గుర్తో, "ఇంటర్నెట్ యాక్టివేషన్ తప్పనిసరి" అనే మాటో ఉంటే అది మొదటి కుప్ప. గేమ్ నడవడానికి నెట్ అక్కర్లేని పాత ఒరిజినల్ సీడీలు, డీవీడీలు రెండో కుప్ప. మార్కర్‌తో పేరు రాసిన తెల్ల డిస్కులు, ఒకే డీవీడీలో పాతిక గేములున్నవి మూడో కుప్ప. ఏ కుప్ప పెద్దదో నేను చెప్పక్కర్లేదు. మా పెట్టెలోనూ అదే.

మూడో కుప్పని నేరుగా చెత్తకి పంపండి. జ్ఞాపకాల కోసం ఒకటి తెరిచి చూద్దామని కూడా వద్దు, గేమ్ తాళం దొంగతనంగా తీసే ఆ క్రాక్ ఫైళ్లలో ఏం పెట్టి ఇచ్చారో ఎవరికీ తెలియదు. కాలేజీ రోజుల్లో ఒక షాపులో హార్డ్ డిస్క్ ఇచ్చి గేములు ఎక్కించుకుంటే, గేములతోపాటు వైరస్ కూడా ఎక్కి నా ప్రాజెక్టు రిపోర్టు మొత్తం పోయింది. వైవా రెండు రోజుల్లో ఉంది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

2. కీలను ఫోటో తీయండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా సులువు. గేమ్ కీ, అంటే కొన్నామని చూపడానికి కొట్టే అక్షరాలు, అంకెల కోడ్, ఎక్కువగా మాన్యువల్ పుస్తకం వెనక అట్ట మీదో, డిస్కు కవరు లోపలి వైపో స్టిక్కర్‌గా ఉంటుంది. మన ఎండలకి, ఉక్కకి ఆ స్టిక్కర్లు వెలిసిపోతాయి. సున్నాకీ ఓ అక్షరానికీ తేడా తెలిసేలా దగ్గరగా, వెలుతురులో ఫోటో తీసి, గేమ్ పేరుతో దాచుకోండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. కీ ఎవరు ముందు వాడితే వాళ్లదే.

మొదటి కుప్పలో స్టీమ్ గేములుంటే, స్టీమ్ ప్రోగ్రాం తెరిచి కింద ఎడమ మూల "యాడ్ ఎ గేమ్" నొక్కి, "యాక్టివేట్ ఎ ప్రాడక్ట్ ఆన్ స్టీమ్" ఎంచుకుని కీ కొట్టండి. ఇంతకుముందు ఎవరూ వాడకపోతే గేమ్ మీ అకౌంట్‌లో చేరుతుంది. ఆ తర్వాత డిస్కుతో పనిలేదు, ఎన్నిసార్లయినా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. "ముందే వాడేశారు" అని వస్తే మీ పాత ఈమెయిల్ అడ్రసులన్నీ గుర్తుచేసుకోండి. పదిహేనేళ్ల కిందట మీరే ఏదో అకౌంట్‌లో వాడి ఉంటారు. నాకు ఒక గేమ్ అలాగే దొరికింది, ఇంటర్ చదివే రోజుల్లో పెట్టుకున్న ఈమెయిల్‌లో. ఆ పేరు ఇక్కడ రాయలేను, పరువు పోతుంది.

3. రెండో కుప్పకి కాపీ తీయండి

దీనికి యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ కావాలి. కొనేముందు చుట్టాల ఇళ్లలో అడగండి, ఎవరి పాత డెస్క్‌టాప్‌లోనో డ్రైవ్ ఉంటుంది.

డిస్కుని అంచులతో పట్టుకోండి. మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవద్దు. సీడీ అయితే లేబుల్ వైపు గీతలు పడకుండా మరీ జాగ్రత్త. సమాచారం ఉండే పొర ఆ లేబుల్ కిందే ఉంటుంది, అటు గీత పడితే పాలిష్ చేసినా రాదు. డీవీడీలో ఆ పొర మధ్యలో ఉంటుంది కాబట్టి కాస్త నయం.

ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాంలో "క్రియేట్ ఇమేజ్ ఫైల్ ఫ్రమ్ డిస్క్" నొక్కితే డిస్కు మొత్తం ఒక ఐఎస్ఓ ఫైలుగా తయారవుతుంది. విండోస్ 8 నుంచి ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు, డిస్కు పెట్టినట్టే తెరుచుకుంటుంది. ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేయబోతే "ఫైలు మరీ పెద్దది" అంటోందా? పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్నట్టు. అది 4 జీబీ దాటిన ఫైలుని తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి. మార్చేముందు అందులో ఉన్నవి వేరేచోట పెట్టుకోండి, ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి.

ఇలా కాపీ తీయడం తప్పా అంటే, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, సక్రమంగా కొన్న కంప్యూటర్ ప్రోగ్రాం పోకుండా, పాడవకుండా బ్యాకప్ తీసుకోవడానికి అనుమతిస్తుంది. కాపీ మీ దగ్గర ఉంచుకుని డిస్కు ఇంకొకరికి అమ్మితే అది బ్యాకప్ అనిపించుకోదు.

కొన్ని డిస్కులు మధ్యలో ఎర్రర్లు చూపిస్తూ ఆగిపోతాయి. గీత లేకపోయినా అలా అయితే అది సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ లాంటి కాపీ రక్షణ కావచ్చు. వీటితో అసలు చిక్కు వేరే. 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ సేఫ్‌డిస్క్‌కి మద్దతు తీసేసింది, భద్రతకి ప్రమాదమని. అంటే డబ్బిచ్చి కొన్న ఒరిజినల్ డిస్కు, ఒక్క గీత లేకుండా ఉన్నా, కొత్త కంప్యూటర్‌లో గేమ్ తెరుచుకోకపోవచ్చు. ఇంకా పాత 1990ల గేముల్లో కొన్నిటికి ఇన్‌స్టాలరే పాతకాలపు 16-బిట్‌ది, ఇప్పటి 64-బిట్ విండోస్ దాన్ని ముట్టుకోదు.

అప్పుడు క్రాకుల కోసం వెతుకుతూ కూర్చోకుండా జీఓజీ స్టోర్‌లో ఆ పేరు కొట్టి చూడండి. 2008లో పాత గేముల కోసమే మొదలైన దుకాణం అది. ఇప్పటి విండోస్‌లో నడిచేలా సరిచేసి, రక్షణ తాళం లేకుండా అమ్ముతారు. ఉన్నదాన్నే మళ్లీ కొనాలా అని ప్రాణం ఉసూరుమంటుంది. నిజమే. సేల్ వచ్చేదాకా ఆగండి.

4. కొత్త గేములు కొనేటప్పుడు

స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐతో కట్టొచ్చు. డాలర్లలో అమ్మే స్టోర్‌లో కార్డు పనిచేయకపోతే కంగారు పడకండి. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం కొత్త కార్డులకి విదేశీ చెల్లింపులు మూసే ఇస్తారు. బ్యాంక్ యాప్‌లో ఆ మీట తెరిచి, పని అయ్యాక మళ్లీ మూసేయండి. ఎపిక్ స్టోర్ ప్రతి గురువారం ఒకటైనా గేమ్ ఉచితంగా ఇస్తుంది. ఆడకపోయినా తీసి పెట్టుకోవచ్చు.

కొన్న గేమ్ మీ కంప్యూటర్‌లో నత్తనడక నడిస్తే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. కొని 14 రోజులు దాటకూడదు, ఆడింది 2 గంటలు దాటకూడదు. షాపులో సీలు తీసిన డబ్బాని ఎవరు వెనక్కి తీసుకున్నారు? ఇక్కడ మాత్రం డౌన్‌లోడ్ గెలిచింది. ఒక మెలిక ఉంది: కొన్ని గేములు తెరిచాక లోపల మిగతా ఫైళ్లు దించుకుంటాయి, ఆ సమయం కూడా ఆడినట్టే లెక్కలో పడుతుంది. గడియారం చూసుకోండి.

అకౌంట్ తెరవగానే స్టీమ్ గార్డ్ ఫోన్‌లో పెట్టుకోండి, పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌లో కూడా సరే అంటేనే అకౌంట్ తెరుచుకుంటుంది. సోషల్ మీడియాలో రెండొందలకో మూడొందలకో "షేర్డ్ అకౌంట్" అమ్మేవాళ్ల జోలికి పోకండి. మా మేనల్లుడి హాస్టల్‌లో ఒకడు అలా కొన్నాడు. పదో రోజున పాస్‌వర్డ్ మారింది, అమ్మినవాడు వీణ్ని బ్లాక్ చేశాడు.

5. డౌన్‌లోడ్ చేయడం

లెక్క ముందే వేసుకోండి. 60 జీబీ గేమ్ 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో మూడు గంటల ఇరవై నిమిషాలు, 100లో గంటా ఇరవై. వైఫై గోడల అవతల ఉంటే ఇంకా ఎక్కువ. రోజుకి 1.5 జీబీ ఫోన్ డేటాతో అయితే 40 రోజులు, వాట్సాప్ కూడా చూడకుండా. స్టీమ్ సెట్టింగ్స్‌లో "డౌన్‌లోడ్స్" కింద అప్‌డేట్‌లు అర్ధరాత్రి తర్వాతే జరగాలని సమయం పెట్టొచ్చు, వేగానికి హద్దు పెట్టొచ్చు. సాయంత్రం ఇంట్లో సీరియల్ ఆగిపోతే మీకే ఇబ్బంది. మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటు నుంచే మళ్లీ మొదలవుతుంది.

ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే ఒకదాంట్లో దించి, ఒకే వైఫై మీద రెండోదానికి పంపే సదుపాయం స్టీమ్‌లో 2023లో వచ్చింది. "గేమ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఓవర్ లోకల్ నెట్‌వర్క్" అని అదే పేజీలో ఉంటుంది.

6. కొన్నది ఎంతవరకు మనది?

కొన్నది గేమ్ కాదు, ఆడుకునే లైసెన్సు. 2024 అక్టోబరు నుంచి స్టీమ్ డబ్బు కట్టే చోటే ఆ మాట రాస్తోంది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ కంపెనీ, ది క్రూ అనే గేమ్ సర్వర్లు ఆపేసింది. డిస్కు కొన్నవాళ్లకీ, డౌన్‌లోడ్ కొన్నవాళ్లకీ ఒకేసారి గేమ్ పోయింది. అందుకే డిస్కా డౌన్‌లోడా అని కాకుండా, నెట్ తీసేస్తే నడుస్తుందా అని చూసి కొంటాను నేను.

చూడటం ఎలాగంటే, ఇన్‌స్టాల్ అయ్యాక స్టీమ్ మెనూలో "గో ఆఫ్‌లైన్" పెట్టి, వైఫై ఆపి గేమ్ తెరవండి. రిఫండ్ గడువులోపే ఈ పరీక్ష చేయండి. జీఓజీలో అయితే "ఆఫ్‌లైన్ బ్యాకప్ ఇన్‌స్టాలర్లు" అని విడిగా ఇస్తారు, వాటిని దించి బయటి హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే మళ్లీ ఆ సైటుతో పని ఉండదు. పాత రెండో కుప్ప ఐఎస్ఓల పక్కనే వాటికీ ఒక ఫోల్డర్ పెట్టుకున్నాను.

ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఆరుగురి దాకా స్టీమ్ ఫ్యామిలీస్‌లో చేరి గేములు పంచుకోవచ్చు. మేనల్లుడు అడిగాడు గానీ, వాడిది గుంటూరు.

7. మిగిలిన డబ్బాలు

కీ వాడేసిన డబ్బాలను కొత్తవని చెప్పి అమ్మకండి, కొన్నవాడికి దక్కేది ప్లాస్టిక్ ముక్కే. కాపీ తీయలేకపోయిన ఒరిజినల్ డిస్కులను నిలబెట్టి, ఎండ తగలని బీరువాలో ఉంచండి. అటక మీద మాత్రం వద్దు.

నేను మిగిలిన డబ్బాలు పట్టుకుని లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు అమ్మే ఆయన్ని అడిగి చూశాను. "డిస్కులు ఎవరూ అడగటం లేదండి. లోపల ఆ మాన్యువల్ పుస్తకాలు బాగున్నాయి, అవి ఇస్తే తీసుకుంటాను" అన్నాడు. రెండు ఇచ్చి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, వాటిలో ఒకదాని వెనక అట్ట ఫోటో తీయలేదని. మళ్లీ స్కూటర్ తీసుకుని పరిగెత్తాను. ఇంకా అమ్ముడుపోలేదు.